దుప్పటి కప్పడానికి గ్లవ్స్ ఎందుకు?

ఇంగ్లండ్‌లో నేను పనిచేసే వార్డులో, గ్లవ్స్ తొడుక్కుని ఒక పెద్దావిడకి దుప్పటి కప్పుతుంటే, అక్కడికి వచ్చిన ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అందరి ముందే అడిగింది, "దుప్పటి కప్పడానికి గ్లవ్స్ ఎందుకు?" అని. నాకు నోట మాట రాలేదు. షిఫ్టు అయ్యేదాకా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఎక్కువ జాగ్రత్త పడటం కూడా తప్పేనా? మన దగ్గర పనిచేసినప్పుడు గ్లవ్స్ లెక్కపెట్టి ఇచ్చేవారు. డ్రెస్సింగుకో జత, కాథెటర్‌కో జత. మిగతా పనంతా వట్టి చేతులతోనే. ఇక్కడేమో ఏ గోడ చూసినా గ్లవ్స్ పెట్టెలే. అంత కరువు చూసి వచ్చినదాన్ని, తొడుక్కోవడమే శుభ్రత అనుకున్నాను, పేషెంటుకి ఇచ్చే మర్యాద అనుకున్నాను.

ఆ నర్సు అన్నదీ నిజమే. రక్తం, మలమూత్రాలు తగిలే పనికి గ్లవ్స్ ఉండాల్సిందే. కానీ అవి చేతికుంటే కడుక్కోవాలన్న ధ్యాస తగ్గిపోతుంది. ఆ గ్లవ్స్‌తోనే డ్రిప్ స్టాండు, ఫైలు, పక్క మంచం రైలింగు అన్నీ ముట్టుకుంటాం. 2018లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి అవసరం లేని చోట గ్లవ్స్ తీసేయమని ప్రత్యేకంగా ప్రచారమే చేసిందట. ఆ సంగతి తర్వాత చదివాను.

నాకు ఇంకో కారణం కూడా ఉంది, అది ఆవిడకి చెప్పలేదు. నా చేతులు ఎవరైనా చూస్తే సిగ్గు. చేతులు శుభ్రం చేసుకునే జెల్ అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి, సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. సి. డిఫ్ అనే బాక్టీరియా వల్ల విరేచనాలున్న పేషెంటు దగ్గర జెల్ పనిచేయదు, సబ్బూ నీళ్లే. పేషెంటుని ముట్టుకునే ముందూ కడగాలి, తర్వాతా కడగాలి. మొదటి చలికాలానికే వేళ్ల కణుపులు పగిలిపోయాయి. పగుళ్ల మీద ప్లాస్టర్లు వేసుకుని డ్యూటీ చేశాను. వీడియో కాల్ చేస్తే అమ్మ ముందుగా చేతులు చూపించమనేది. నేను ఫోను పైకెత్తి మొహమే చూపించేదాన్ని.

మర్నాడు అదే పెద్దావిడ దగ్గరికి గ్లవ్స్ లేకుండా వెళ్లాను. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాను. బొటనవేలు పెట్టకూడదు, దాని నాడే మనకి తెలుస్తుంది. మిషను అంకె చూపిస్తుంది గానీ, చర్మం చల్లబడిందా, చెమట పట్టిందా, నాడి నిండుగా కొట్టుకుంటోందా, పలచగా ఉందా అన్నది వేళ్లకే తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఇదంతా పొర చాటునుంచి చూశానా అని బాధేసింది.

ఆవిడ రెండో చేత్తో నా వేళ్లు నిమిరింది. "అయ్యో, ఎంత పగిలాయో" అంటూ లాకర్ మీదున్న తన క్రీము డబ్బా నా వైపు జరిపింది. పేషెంటు క్రీము మేం వాడకూడదు. థాంక్స్ చెప్పి, పక్కన పెట్టాను. అప్పటికే లెక్క తప్పింది. గడియారం చూసుకుని, నాడి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.