ఒక్క దేశాన్ని పట్టుకున్నాక నా ఆన్సర్ మారింది

టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న వచ్చింది: కుప్పకూలిన రాజ్యంలో చట్టబద్ధ పాలనను మళ్లీ ఎలా నిలబెట్టాలి? సంస్థల బలోపేతం, పారదర్శకత, జవాబుదారీతనం అంటూ రెండు పేజీలు నింపాను. పేపర్ దిద్దిన సార్ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒక్క మాట రాశారు: "ఏ దేశంలో?" పదిహేనుకు నాలుగు మార్కులు.

ఆ వారమంతా ఆఫ్రికాలోని రువాండా ఒక్కటే చదివాను. 1994 ఏప్రిల్ నుంచి జులై దాకా, దాదాపు వంద రోజుల్లో, సుమారు 8 లక్షల మందిని చంపేశారు. ఎక్కువమంది టుట్సీ తెగవాళ్లు. జడ్జీల్లో చాలామంది హతమయ్యారు, లేదా దేశం విడిచి పారిపోయారు. జైళ్లలో చూస్తే లక్షకు పైగా నిందితులు. మామూలు కోర్టుల్లో ఈ కేసులు తేలాలంటే వందేళ్లు చాలవన్నారు. టాంజానియాలోని అరుషాలో ఐక్యరాజ్య సమితి పెట్టిన ట్రిబ్యునల్ అభియోగాలు మోపింది 93 మంది మీదే. మరి మిగతావాళ్లను ఎవరు విచారించాలి?

గచాచా కోర్టులు అక్కడి నుంచే వచ్చాయి. పెద్దలు పచ్చిక మీద కూర్చుని ఊరి తగవులు తీర్చే పాత పద్ధతి అది, మన రచ్చబండ లాగా. దానికి 2001లో చట్టం చేశారు. జడ్జీలను ఊరివాళ్లే ఎన్నుకున్నారు. వాళ్లు లా చదివినవాళ్లు కాదు, జీతం కూడా లేదు. నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష తగ్గేది, కానీ శవాన్ని ఎక్కడ పడేశాడో కూడా చెప్పాలి. ఈ ఒక్క నిబంధన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అన్న ఎముకలైనా దొరికితే చాలనుకునే చెల్లెలికి, ఎంత పెద్ద జైలుశిక్ష కంటే ఆ సమాచారమే ముఖ్యం కదా.

2012 జూన్‌లో ఈ కోర్టులను మూసేశారు. అప్పటికి సుమారు 12 వేల కోర్టులు 19 లక్షలకు పైగా కేసులు విచారించాయి.

అయితే ఈ కోర్టుల్లో నిందితుడి తరఫున లాయర్ ఉండేవాడు కాదు. యుద్ధంలో గెలిచి అధికారంలోకి వచ్చిన ఆర్‌పీఎఫ్ (రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్) సైనికుల నేరాలు అక్కడ విచారణకు రాలేదు. దయచేసి ఈ రెండూ వదిలేయకండి, వదిలేస్తే బాధితుల్లో కొందరిని మనమే చెరిపేసినట్టవుతుంది.

ఇప్పుడు ఆగ్నేయాసియాలోని తూర్పు తైమూర్ మొదలుపెట్టాను. 1999 నుంచి 2002 దాకా అక్కడ పరిపాలన నడిపింది ఐక్యరాజ్య సమితే. రువాండా పక్కన పెట్టి చదివితే పోలిక బాగా కుదురుతోంది. నోట్స్ తెలుగులోనే రాస్తున్నాను, కావాలంటే అడగండి, ఫోటోలు తీసి పంపుతాను.