"ఆ నంబర్ తగ్గిందా డాక్టర్ గారూ?"

ఐసియు బయట కూర్చునే వాళ్లకు లాక్టేట్ గురించి, అంటే గ్లూకోజ్ నుంచి ఒంట్లో తయారై, జబ్బు ముదిరితే రక్తంలో పెరిగే పదార్థం గురించి, చెప్పడం నాకు అలవాటు. బీపీ, పల్స్ వాళ్లకు ఎలాగూ తెలుసు. సెప్సిస్‌తో, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతింటుంటే, వచ్చిన మనిషి ఇంట్లో వాళ్లకు "ఇది 2 లోపు ఉండాలమ్మా, మీ ఆయనకు 6.8 ఉంది, మందులు పనిచేస్తే తగ్గుతుంది" అని చెబితే పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం దొరికినట్టు ఉంటుంది. ఆ రాత్రి కూడా అలాగే చెప్పాను. ఆయన విషయంలో అలా చెప్పకుండా ఉండాల్సింది.

ఆయనకు యాభై నిండలేదు. ఏళ్ల తరబడి తాగుడు, లివర్ గట్టిపడి పాడయ్యే సిరోసిస్, పచ్చబడ్డ కళ్లు, పొట్ట నిండా నీరు. మూడు రోజుల జ్వరం తర్వాత మాట తడబడుతుంటే తీసుకొచ్చారు. పొట్టలో నీటిని సూదితో తీసి పరీక్షకు పంపాం. అందులో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 250 ఉంటేనే ఇన్‌ఫెక్షన్ కింద లెక్క, ఆయనకు అంతకంటే చాలా ఎక్కువ వచ్చాయి. యాంటీబయాటిక్, సెలైన్, ఆల్బుమిన్, బీపీ నిలబెట్టడానికి నార్‌ఎడ్రినలిన్ మందు, అన్నీ ఆలస్యం లేకుండా మొదలుపెట్టాం. రెండు గంటలకు లాక్టేట్ 6.5. నాలుగు గంటలకు 6.6. తెల్లవారుజామున మెషిన్‌లోంచి వచ్చిన ఆ చిన్న కాగితం పట్టుకుని వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. "తగ్గిందా డాక్టర్ గారూ?"

పక్కనే మా జూనియర్ అబ్బాయి. "మేడమ్, ఇంకో అర లీటరు ఎక్కిద్దామా?" అన్నాడు. వాడు అడిగినదాంట్లో తప్పేం లేదు. లాక్టేట్ తగ్గడాన్ని చూసుకుంటూ చికిత్స నడపమని 2021 సెప్సిస్ గైడ్‌లైన్స్ కూడా చెబుతున్నాయి. కానీ లివర్ పాడైన మనిషిలో ఆ లెక్క తిన్నగా నడవదు.

రక్తంలో కనిపించే లాక్టేట్ చెరువులో నీటిమట్టం లాంటిది. మట్టం తగ్గలేదంటే పైనుంచి వరద వస్తూనే ఉందని ఒక్కటే అర్థం కాదు, తూము పూడిపోయి కూడా ఉండొచ్చు. పెద్దవాళ్ల ఒంట్లో రోజుకు సుమారు 1500 మిల్లీమోల్స్ లాక్టేట్ తయారవుతుంది. ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా ఉండవు కాబట్టి గ్లూకోజ్‌ని లాక్టేట్ చేసి వదలడం తప్ప వాటికి వేరే దారి లేదు. కండరాలు, మెదడు, చర్మం కూడా చేస్తాయి. ఇందులో సగానికి పైగా లివర్ లాక్కుని మళ్లీ గ్లూకోజ్‌గా మార్చి పంపిస్తుంది, మిగతాదాంట్లో పెద్ద వాటా కిడ్నీలది. ఈ చక్రానికి పేరిచ్చిన కోరీ దంపతుల్లో గెర్టీ కోరీ వైద్యంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ, 1947లో. ఫిజియాలజీ క్లాసులో ఈ సంగతి విన్నప్పుడు ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

సెప్సిస్‌లో వరదా పెరుగుతుంది, తూమూ బిగుసుకుంటుంది. ఒంట్లో ఎడ్రినలిన్ పొంగి, ఆక్సిజన్ సరిపడా అందుతున్నా కండరాలు లాక్టేట్ చేస్తూనే ఉంటాయి. మరోవైపు లివర్‌కు రక్తం తగ్గుతుంది. 1998లో ఫ్రాన్స్ డాక్టర్లు కాస్త కుదుటపడ్డ సెప్సిస్ రోగులకు కొలిచి మరీ లాక్టేట్ ఎక్కించి, అది ఎంత వేగంగా ఖాళీ అవుతుందో చూశారు. రక్తంలో కొద్దిగా లాక్టేట్ ఎక్కువున్న వాళ్లలో తయారీ మిగతావాళ్లతో దాదాపు సమానంగానే ఉంది, ఖాళీ అయ్యే వేగం మాత్రం సగానికి పడిపోయింది. అంతకుముందే సిరోసిస్ ఉన్న వాళ్ల సంగతి వేరే చెప్పాలా?

నాకు ఈ పాఠం పుస్తకంలో దొరకలేదు. చాలా ఏళ్ల కిందట వేరే చోట పనిచేసేటప్పుడు ఇలాంటి మనిషికే, ఇలాగే తగ్గని నంబర్ చూసి, సీసా మీద సీసా సెలైన్ ఎక్కించాను. పొద్దుటికి ఆయాసం, ఊపిరితిత్తుల నిండా నీరు, వెంటిలేటర్. లాక్టేట్ అప్పటికీ అలాగే ఉంది. ఆయన మళ్లీ లేవలేదు. ఆ రోజు నుంచి లివర్ పేషెంట్‌కి కాగితం చూసే ముందు చెయ్యి చూస్తాను.

చెయ్యి అంటే నిజంగా చెయ్యే. చూపుడు వేలి చివర, లోపలి వైపు, గాజు స్లైడ్‌తో తెల్లబడేదాకా పది సెకన్లు నొక్కి పట్టి వదలాలి. రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటకూడదు, దాటితే ఒంటి చివర్లకు రక్తం సరిగా అందడం లేదని. దక్షిణ అమెరికాలోని ఐదు దేశాల్లో 424 మంది మీద జరిగి, 2019లో ఫలితాలు వెలువడిన ఆండ్రోమెడా షాక్ ట్రయల్ లాక్టేట్‌ని వెంబడించడానికీ ఈ వేలిని వెంబడించడానికీ పోటీ పెట్టింది. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు వేలి గుంపులో 34.9 శాతం, లాక్టేట్ గుంపులో 43.4 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని గణాంకాలతో తేల్చడానికి కొద్దిలో అందలేదు కానీ, పైసా ఖర్చు లేని పరీక్ష అంతమాత్రం నిలబడిందంటే నాకు చాలు.

ఆ తెల్లవారుజామున ఆయన వేలికి రెండు సెకన్లలో రంగు వచ్చింది. పాదాలు వెచ్చగా ఉన్నాయి. నార్‌ఎడ్రినలిన్ అప్పటికే సగానికి తగ్గించాం. యూరిన్ బ్యాగులో గంటకు నలభై మిల్లీలీటర్లు. ఎక్కో పెట్టి గుండె చూస్తే ఇక నీళ్లు కావాలని అనిపించలేదు. ఇంకో సీసా వద్దన్నాను. తాగుడు మనిషి కాబట్టి థయామిన్, అంటే బి1 విటమిన్, మొదట్లోనే పడింది, అది లేకపోయినా లాక్టేట్ దిగదు. ఎక్కించిన సెలైన్ రకం రింగర్ లాక్టేట్, దాంట్లోనే లాక్టేట్ ఉంటుంది కాబట్టి దానివల్ల పెరిగిందేమో అని జూనియర్ అనుమానం. అర లీటరు సీసాలో ఉండేది 14 మిల్లీమోల్స్, రోజుకు తయారయ్యే 1500 పక్కన పెట్టి చూడమన్నాను. లివర్ పూర్తిగా చేతులెత్తేసిన వాళ్లకైతే అదీ పెట్టను.

దీన్ని తలకిందులుగా పట్టుకునేవాళ్లంటే నాకు ఇంకా భయం. "లివర్ పేషెంటే కదా, లాక్టేట్ ఉంటుందిలే" అనే మాట. నాలుగున్న నంబర్ ఏడుకు ఎక్కుతుంటే, పొట్ట గట్టిపడుతుంటే, ఆ మాట అనుకుని రెండు గంటలు ఆగితే పేగు చచ్చిపోవచ్చు. సిరోసిస్ ఉన్నా లేకున్నా ఎక్కువ లాక్టేట్ ఉన్నవాళ్లే ఎక్కువగా చనిపోతారు. మెల్లగా దిగడం వేరు, కొత్తగా ఎక్కడం వేరు. కొత్తగా ఎక్కితే లివర్ మీదకు నెట్టకుండా పొట్ట దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టి వెతకాల్సిందే.

ఆమెకు ఇదంతా చెప్పలేదు. "నంబర్ అలాగే ఉందమ్మా. దాన్ని దించాల్సిన లివరే ఆయనకు బాగోలేదు, అందుకని నిదానంగా దిగుతుంది. రండి, చెయ్యి పట్టుకు చూడండి" అని లోపలికి తీసుకెళ్లాను. ఆమె ఆయన వేళ్లు పట్టుకుని, "రాత్రి మంచులా ఉన్నాయి" అంది. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు.

నాలుగో రోజుకు లాక్టేట్ 3.1. ఆ కాగితం ఇమ్మని అడిగి తీసుకుని, మడిచి ఫైల్లో పెట్టుకుంది.