మనలో బాలేగారు ఎవరు?

మన గురువిద్యాలయం (సెమినరీ) సంచిక నిర్వాహక సంఘంవారు ఉత్తరం రాస్తూ, మీ ఆచార్యులలో ఒకరిని గురించి గాని, మరపురాని ఒక సంఘటనను గురించి గాని రాయమని కోరారు. ఆచార్యులను గురించి నాకన్నా బాగా రాయగలవారు మన తరగతిలో ఉన్నారు; వారిలో కొందరు ఇప్పుడు స్వయంగా ఆచార్యులే. అందువల్ల నేను మనవాళ్లను గురించే రాయదలచుకున్నాను. అసలు పేర్లు అక్కరలేదు. ఆ రోజుల్లో మనం పెట్టుకున్న పేర్లు చెబితే చాలు, ముఖాలు వాటంతటవే గుర్తుకు వస్తాయి. తెల్లని అంగీలు వేసుకుని వరుసగా ప్రార్థనాలయానికి నడిచే గురువిద్యార్థులందరూ, అంటే గురువులు (ఫాదర్లు) కాబోయేవారందరూ, చూసేవారికి ఒకేలా కనిపిస్తారు. ఆ వరుసలో నడిచినవారికి మాత్రం, తలెత్తి చూడకుండానే, వెనుక వస్తున్నది ఎవరో అడుగుల చప్పుడును బట్టి తెలిసేది.

ముందుగా ట్రెంటు బ్రదర్. శ్రీసభ (కతోలిక సంఘం) చరిత్ర తరగతిలో, పదహారవ శతాబ్దంలో పీఠాధిపతులు (బిషప్పులు) సమావేశమైన ట్రెంటు మహాసభ పాఠం వచ్చిన వారంలోనే ఆయనకు ఆ పేరు స్థిరపడింది. 1563 జూలై 15న జరిగిన 23వ సమావేశంలో, ప్రతి మేత్రాసనం (ఒక పీఠాధిపతి పాలనలోని ప్రాంతం) తన గురువుల శిక్షణ కోసం ఒక విద్యాలయం నెలకొల్పాలని తీర్మానించిన సంగతిని మనమందరం పరీక్ష కోసం చదివాం. ఆయన తన కోసం చదువుకున్నారు. పన్నెండేళ్లు నిండి, చదవడం రాయడం వచ్చిన బాలురను చేర్చుకోవాలని, వారిలో ముఖ్యంగా పేదల బిడ్డలను ఎంచుకోవాలని, అలాగని కలిగినవారి బిడ్డలను కాదనకూడదని అందులో ఉన్న మాటలను నోటుపుస్తకం మొదటి పుటలో రాసి పెట్టుకున్నారు. "నాలుగు వందల ఏళ్ల కిందట కూర్చున్న పెద్దలు మా ఇంటి సంగతి కూడా ఆలోచించారు బ్రదర్" అని ఆయన అన్న సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఆ తరువాత ఏ చర్చలోనైనా ఆయన ట్రెంటు దగ్గర మొదలుపెడితే నేను అడ్డు చెప్పలేదు. చరిత్ర అంటే తన ఇంటిదాకా వచ్చిన విషయమని నమ్మినవాడు దానిని బోధిస్తే ఎలా ఉంటుందో, ఇప్పుడు ఆయన దగ్గర చదువుకుంటున్న పిల్లలు అదృష్టవశాత్తు చూస్తున్నారు.

గంట బ్రదర్‌ను తలచుకోకుండా మన ఉదయాలను తలచుకోలేం. నిద్ర లేపే గంట, ధ్యానం గంట, ప్రాతఃకాల ప్రార్థన, దివ్యబలిపూజ, పాఠాలు, చివరకు రాత్రి ప్రార్థన ముగిశాక మహామౌనం (రాత్రి ఎవరూ మాట్లాడకూడని సమయం) మొదలయ్యే గంట, అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. పరీక్షల ముందు ఆట సమయాన్ని ఒక్క అయిదు నిమిషాలు పొడిగించమని మనలో ఎంతమంది బతిమాలినా ఆయన చెయ్యి ఆలస్యం చేయలేదు. దానికి ఆయనను కఠినుడని అనుకున్నవారు ఉన్నారు. అయితే ఆ పరీక్షల వారమంతా భోజనశాలలో మన వంతు పాత్రలను, అడిగినవారికీ అడగనివారికీ, ఆయనే కడిగి పెట్టారు. "గంట నాది కాదు కనుక ఇవ్వలేను. నా ఆట సమయం నాదే కనుక తీసుకోండి" అన్నారు. రెండవ జాన్ పౌలు పోపుగారు 1992లో గురువుల శిక్షణపై రాసిన ప్రబోధాన్ని విద్యాలయం అధిపతి రెక్టరు ఫాదర్ మనకు వివరిస్తూ, ఆధ్యాత్మిక, బౌద్ధిక, సేవా శిక్షణలన్నిటికీ మానవీయ శిక్షణే పునాది అని చెప్పినప్పుడు నాకు ఆ తడి చేతులే కళ్ల ముందు కనిపించాయి.

కీర్తనల బ్రదర్ గొంతును గురించి నేను రాయనవసరం లేదు. ఆయన ఎత్తుకున్న శ్రుతిని అందుకోలేక మొదటి చరణంలో మౌనంగా నిలబడి, రెండవ చరణంలో చేరినవాళ్లమే మనమందరం. ఆయన వెళ్లిపోయిన తరువాత సాయంకాల ప్రార్థన సరైన శ్రుతిలోనే సాగింది గాని, చాలా రోజులు ఎవరికీ తృప్తి కలగలేదు.

ప్రశ్న బ్రదర్ విషయంలో మన అంచనాలన్నీ తప్పాయి. పునీత తోమా అక్వినాసు దేవుని ఉనికిని నిరూపించడానికి చూపిన అయిదు మార్గాలను మనం వరుసగా వల్లె వేస్తుంటే, ఆయన వాటికి ముందున్న రెండు ఆక్షేపణల దగ్గరే ఆగిపోయారు. లోకంలో చెడు ఉంది కదా, అపరిమితమైన మంచి ఉంటే అది ఎలా ఉండగలదన్నది మొదటిది. ప్రకృతి, మానవ సంకల్పం అన్నిటికీ కారణంగా సరిపోతున్నప్పుడు మరొకటి ఎందుకన్నది రెండవది. ఒక పునీతుడు తన విశ్వాసానికి ఎదురైన వాదాలను అంత నిజాయితీగా, తన సమాధానం కన్నా ముందే రాసి పెట్టడం ఆయనను కదిలించింది. ఇతడు మొదటి సంవత్సరంలోనే ఇంటికి పోతాడని అనుకున్నాం. ఆయన మాత్రం ఆదివారం సేవకు ఆసుపత్రిని కోరుకుని, మొదటి ఆక్షేపణను మంచం పక్కన కూర్చుని చదువుకున్నారు. నేడు అదే సేవలో గురువుగా ఉన్నారు. ఆయన రోగి దగ్గర ఎక్కువ మాట్లాడరని, అడిగిన ప్రశ్నను తోసిపుచ్చరని విన్నాను. అది నమ్మడానికి నాకు సాక్ష్యం అక్కరలేదు.

ఇక పెద్ద బ్రదర్ దగ్గరికి వస్తాను. నిజానికి ఈ వ్యాసం ఆయన కోసమే మొదలుపెట్టాను.

మనమందరం బడి నుంచి నేరుగా వచ్చినవాళ్లం. ఆయన వడ్రంగం చేసి, ఇద్దరు చెల్లెళ్లకు పెళ్లిళ్లు చేసి, ఆ తరువాత దైవపిలుపును విన్నవారు. చదువు మానేసి ఏళ్లు గడిచినందువల్ల పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలేవని చెప్పేవారు. ప్రార్థనాలయంలో ఊగిసలాడే బల్ల ఒక్కటి లేకుండా చేసిన మనిషి, మెటఫిజిక్స్ (ఉనికిని గురించిన తత్త్వశాస్త్రం) తరగతిలో తల వంచుకుని కూర్చునేవారు. మనం ఆయనను ఓదార్చడానికి ప్రతిసారీ పునీత జాన్ మరియ వియాన్నీగారినే తెచ్చేవాళ్లం: ఆయనకూ లతీను రాలేదు, ఆయననూ సెమినరీ నుంచి పంపివేశారు, అయినా 1815లో గురువయ్యారు, 1925లో పునీతుడయ్యారు, విచారణ (పారిష్) గురువులకు పాలక పునీతుడయ్యారు. ఒకరోజు పెద్ద బ్రదర్ ఉలిని పక్కన పెట్టి, శాంతంగానే, ఇలా అడిగారు: "వియాన్నీగారు చదువు రాకపోవడం వల్ల పునీతులు కాలేదు తమ్ముడూ. ఎక్యుయీ విచారణలో బాలేగారని ఒక గురువు ఉండి, ఆయనను ఇంట్లో పెట్టుకుని చదివించారు, పరీక్షాధికారుల దగ్గర ఆయన కోసం మాట్లాడారు, అభిషేకమయ్యాక తన సహాయకుడిగా పెట్టుకున్నారు. మీరందరూ నన్ను వియాన్నీ అంటున్నారు సరే. మీలో బాలేగారు ఎవరు?"

ఆ ప్రశ్నకు ఆయన పనిచేసే వడ్రంగం షెడ్డులో ఉన్నవాళ్లెవరూ జవాబు చెప్పలేదు. మరునాటి నుంచి, శారీరక శ్రమకు కేటాయించిన గంటలో, నేను ఆ షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. మహామౌనాన్ని భంగపరచకుండా చదువుకోవడానికి మాకు దొరికిన సమయం అదొక్కటే. ఆయన చెక్కను చిత్రిక పడుతుంటే నేను ఒక చేత్తో ఆ చెక్కను పట్టుకుని, మరొక చేత్తో నోట్సు పట్టుకుని చదివేవాడిని. మొదట్లో ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క రోజు పట్టేది. ఆయన అర్థం కానిదాన్ని అర్థమైందని ఎన్నడూ అనలేదు. ఆ ఒక్క గుణం ఎంత అరుదైనదో, తరువాతి జీవితంలో ఎంతోమంది చదువుకున్నవారి మధ్య కూర్చున్నాక తెలిసింది. ఆయనకు చెప్పడం కోసం నేను మళ్లీ చదివిన పాఠాలే నాకు నిజంగా వచ్చిన పాఠాలు.

అక్వినాసుగారి అయిదు మార్గాలలో మొదటిదానిలో పొటెన్సీ (కాగల స్థితి), యాక్ట్ (అయిన స్థితి) అనే మాటల దగ్గర మేము చాలాకాలం నిలిచిపోయాం. ఆయన అక్కడ ఇచ్చిన ఉదాహరణ నిప్పు, కట్టె: వేడెక్కగల కట్టెను వేడిగా ఉన్న నిప్పే వేడెక్కించగలదు, ఏదీ తనంతట తాను ఉండగల స్థితి నుంచి ఉన్న స్థితికి రాలేదు. నేను దానిని నిర్వచనాలతో చెబుతూ ఉంటే పెద్ద బ్రదర్ చెక్క మీద బొటనవేలు ఆనించి చాలాసేపు ఊరుకున్నారు. ఆ తరువాత "ఆయన కట్టె గురించి చెప్పారని ముందే చెప్పవచ్చు కదా" అన్నారు. ఆ రోజు నుంచి పాఠం చెప్పడం ఆయన వంతయింది.

మౌఖిక పరీక్ష రోజున గది బయట మనలో ఎంతమంది నిలబడ్డారో గుర్తుందా? గంట బ్రదర్ సైతం అక్కడే ఉన్నారు. తలుపు సగం తెరిచి ఉంది. తత్త్వశాస్త్రం ఫాదర్ మొదటి మార్గాన్నే అడిగారు. లోపల ఎంతకీ చప్పుడు లేదు. ప్రశ్న బ్రదర్ జపమాల తీశారు. అప్పుడు పెద్ద బ్రదర్ గొంతు వినిపించింది: "కట్టెలో వేడి దాగి ఉందని కాదు ఫాదర్. వేడెక్కే గుణం ఉంది. అది దానంతట వేడెక్కదు, వేడి ఉన్నది దగ్గరికి రావాలి." ఫాదర్ ఊరుకోలేదు. "పచ్చి కట్టె అయితే?" అని అడిగారు. అది పుస్తకంలో లేని ప్రశ్న. నా గుండె ఆగినంత పనైంది. పెద్ద బ్రదర్ ఈసారి ఆలోచించలేదు. "పచ్చి కట్టెకూ ఆ గుణం ఉంది ఫాదర్. ముందు నీరు పోవాలి, పొగ రావాలి. అంతసేపూ నిప్పు దగ్గరే ఉండాలి. ఊదేవాడు విసుక్కుని లేచిపోకూడదు" అన్నారు.

ఫాదర్ ఇంకేమీ అడగలేదు. ఆయనకు వచ్చిన మార్కులు మొదటి శ్రేణివి కావు. అయినా ఆ రాత్రి భోజనానికి ముందు తత్త్వశాస్త్రం ఫాదర్ లేచి నిలబడి, పేరు చెప్పకుండా, "ఈ రోజు నేనొక పాఠం నేర్చుకున్నాను" అనడం మనమందరం విన్నాం. భోజనశాల మొత్తం ఒకే వైపు చూసింది.

ఆ తరువాతి కాలాన్ని గురించి చెప్పవలసింది నాకు తక్కువ. నేను తత్త్వశాస్త్రం తరువాతి దశ అయిన వేదాంతశాస్త్రంలోకి రాలేదు, సెమినరీ విడిచిపెట్టాను. దానికి దారితీసిన ఆలోచనలన్నీ ఆధ్యాత్మిక గురువుగారికి మాత్రమే తెలుసు. ఎవరిని అభిషేకానికి అనుమతించాలి, ఎవరిని పంపివేయాలి అన్న నిర్ణయంలో ఆధ్యాత్మిక గురువు అభిప్రాయాన్ని గాని, పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) విన్న గురువుల అభిప్రాయాన్ని గాని ఎన్నడూ అడగరాదని శ్రీసభ చట్టంలో 240వ నిబంధన చెబుతుంది. ఆయన దానిని అక్షరాలా పాటించారు. రెక్టరు ఫాదర్‌కు ఆ సంగతి నా నోటి నుంచే తెలిసింది. ఆయన నన్ను ఓదార్చలేదు, వారించలేదు. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న గురువుల శిక్షణపై ఇచ్చిన డిక్రీ తెరిచి, తగినవారు కానివారిని తండ్రివలె సకాలంలో ఇతర బాధ్యతల వైపు నడిపించి, శ్రీసభలో విశ్వాసులుగా సేవ చేయడానికి తోడ్పడాలన్న భాగం నా చేత చదివించారు. నేను తలవంచుకుని వెళ్లకుండా చేసినది ఆ పఠనమే.

సంవత్సరాల తరువాత నాకు ఒక ఉత్తరం వచ్చింది. పెద్ద బ్రదర్‌ను గురుపట్టానికి పిలవడానికి ముందు, ఆయనను ఎరిగిన విశ్వాసుల అభిప్రాయం కోరుతూ రాసిన ఉత్తరం అది. గురుపట్టాభిషేకంలో పీఠాధిపతులు "ఇతడు యోగ్యుడని మీకు తెలుసా?" అని అడిగినప్పుడు, క్రైస్తవ ప్రజలను విచారించిన మీదట యోగ్యుడని తేలిందని జవాబు చెబుతారు కదా. ఆ విచారణలో ఒక పుట నాది. ఏమి రాశానో ఇక్కడ చెప్పకూడదు, చెప్పను. ఆ పుటలో నేటికీ ఒక్క మాట మార్చనవసరం లేదని మాత్రం చెప్పగలను.

అభిషేకం రోజున పునీతుల ప్రార్థన సాగినంతసేపూ ఆయన నేల మీద సాష్టాంగపడి ఉన్నారు. పీఠాధిపతులు మౌనంగా ఆయన తల మీద చేతులుంచిన తరువాత గురువులందరూ ఒక్కొక్కరుగా వచ్చారు. ట్రెంటు ఫాదర్, గంట ఫాదర్, ప్రశ్న ఫాదర్, అందరూ ఆయన కన్నా చిన్నవారు, అందరూ ఆయన కన్నా ముందే గురువులైనవారు, అదే తల మీద చేతులుంచారు. నేను నా భార్యతో, పిల్లలతో మూడవ వరుసలో ఉన్నాను. నా చేతులు కూడా లేచాయని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

నేను విడిపోయే దశలో ఉన్న దంపతులకు సలహాదారుగా పనిచేస్తున్నాను. వారు చెప్పినది నా గది దాటదు. ఎవరూ విననంతసేపు వినగలనని నా దగ్గరికి వచ్చేవారు అంటారు, కొన్ని కాపురాలు నిలబడ్డాయి. ఈ పనిలో నాకున్న నేర్పు ఎక్కడ నేర్చుకున్నదో మీకు వేరే చెప్పాలా?

పెద్ద ఫాదర్ తన విచారణలో, చదువులో వెనుకబడిన కుర్రవాళ్లను సాయంత్రం పూట తన దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తున్నారు. వారిలో ఒకడికి దైవపిలుపు ఉందని, సెమినరీలో చేరాడని, మెటఫిజిక్స్ దగ్గర ఆగిపోయాడని పోయిన నెల ఫోను చేశారు. "తమ్ముడూ, మన షెడ్డు నోట్సు ఇంకా ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి. సెలవులకు ఆ అబ్బాయి మా ఇంటికి వస్తున్నాడు. మొదటి మార్గం నుంచే మొదలుపెడదామని చెప్పాను.