మినీ ట్రాక్టర్ లోడర్ నిజంగా ఎంత బరువు ఎత్తుతుంది?

ట్రాక్టర్ ముందు బిగించి బకెట్‌తో బరువులెత్తే ఫ్రంట్ లోడర్ గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే, ఎన్ని కిలోలు ఎత్తుతుంది అని. కంపెనీ కాగితంలో ఒక అంకె ఉంటుంది, అందరూ దాన్నే గుర్తుపెట్టుకుంటారు. ఆ బరువును ఎక్కడ పెట్టి కొలిచారు, ఎంత ఎత్తులో కొలిచారు అన్నది మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు సంగతంతా అక్కడే ఉంది. బకెట్ బిగించే పిన్ దగ్గర కొలిస్తే ఒక అంకె వస్తుంది, పిన్‌కి 500 మిల్లీమీటర్లు ముందుకి జరిపి కొలిస్తే బాగా తక్కువ వస్తుంది. మనం ఎత్తే మట్టి, కంకర పిన్ మీద కూర్చోవు కదా, బకెట్‌లో ముందుకే ఉంటాయి, అందుకే నేను ఆ రెండో అంకెనే నమ్ముతాను. పూర్తి ఎత్తుకు లేపినప్పుడు ఇంకా తగ్గుతుంది. బకెట్ తీసేసి ఫోర్కులు తగిలిస్తే బరువు మరింత ముందుకు పోతుంది, కాబట్టి మళ్లీ తగ్గుతుంది. ఆ లెక్కలో బకెట్ సొంత బరువు కలిసిందా లేదా అన్నది కూడా చూసుకోవాలి.

హైడ్రాలిక్ బలం ఎంత ఉంటుందో ఒకసారి లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 50 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌కి 170 బార్ ప్రెజర్ ఇస్తే దాదాపు 3,400 కిలోల తోపుడు బలం వస్తుంది, రెండు సిలిండర్లకి కలిపి 6,800. మరి బకెట్ దగ్గరికి వచ్చేసరికి కొన్ని వందల కిలోలే ఎందుకు మిగులుతున్నాయంటే, సిలిండర్ తోసేది లోడర్ చేతుల మొదటికి దగ్గరగా, బరువు ఉండేది ఆ చివర. చేతులు పైకి లేచేకొద్దీ సిలిండర్ తోసే కోణం కూడా మారుతుంది. ఇంజన్ రేస్ చేస్తే ఎక్కువ ఎత్తుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. రేస్ పెంచితే పంపు నుంచి ఆయిల్ ఎక్కువ వస్తుంది, లోడర్ త్వరగా లేస్తుంది, అంతే. ప్రెజర్ ఎక్కడ ఆగాలో, హద్దు దాటగానే ఆయిల్‌ని వెనక్కి వదిలేసే రిలీఫ్ వాల్వ్ నిర్ణయిస్తుంది.

కొలవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి నీళ్లు. లీటరు నీళ్లు ఒక కిలో, వేరే కాటా అవసరం లేదు. ఖాళీ డ్రమ్ము తూకం ముందే తెలుసుకుని, దాన్ని బకెట్‌లో నిలబెట్టి బెల్టులతో గట్టిగా కట్టేసి, కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ పోవాలి. ప్రతిసారీ బకెట్‌ని పూర్తిగా నేల మీదకి దించాకే నీళ్లు పోయాలి. ఒక డ్రమ్ము సరిపోకపోతే పక్కన 50 కిలోల బస్తాలు పేర్చుకోవచ్చు. సగం నిండిన డ్రమ్ములో నీళ్లు ఊగుతాయి, అందుకని ఈ పరీక్షలో ట్రాక్టర్‌ని కదపకూడదు. చదునైన గట్టి నేల, హ్యాండ్ బ్రేక్, సీట్ బెల్టు, చుట్టుపక్కల మనుషులు ఉండకూడదు. బరువు మోకాలెత్తు దాటకపోయినా లోడర్ చేతుల కిందకి ఎవరూ రాకూడదు, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. కొక్కెం కాటాని కదలని దిమ్మెకి గొలుసుతో కట్టి లాగి చూసేవాళ్లూ ఉన్నారు, అంకె నేరుగా కనిపిస్తుంది కాబట్టి అదీ మంచి పద్ధతే, కానీ గొలుసు తెగితే ఏమవుతుందో ఆలోచించి దాని రేటింగ్ చూసుకునే కట్టాలి.

పోస్తూ పోస్తూ ఉంటే రెండింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. రిలీఫ్ వాల్వ్ కీచుమని అరిచి లోడర్ లేవకుండా ఆగిపోతుంది, లేదా లోడర్ లేస్తూనే ఉంటుంది, వెనక చక్రాలు నేల వదిలేస్తాయి. వెనక బరువు కట్టని చిన్న ట్రాక్టర్‌లో తరచుగా జరిగేది రెండోదే. అంటే లోడర్‌కి ఇంకా బలం ఉంది, ట్రాక్టర్‌కే దాన్ని మోసే బరువు లేదు.

ముందు ఇరుసుని త్రాసు మధ్యలో ఆనుకునే చోటు అనుకోండి. ఇరుసుల మధ్య దూరం 1.6 మీటర్లు, బరువు ముందు ఇరుసుకి 1.2 మీటర్ల ముందు ఉందనుకుంటే, 400 కిలోలు ఎత్తగానే వెనక ఇరుసు మీద 300 కిలోలు తగ్గిపోతాయి, ముందు ఇరుసు మీద 700 కిలోలు పెరుగుతాయి. ఎత్తింది 400, ముందు ఇరుసు మోస్తున్నది అదనంగా 700! ఇప్పుడు వెనక హిచ్‌కి, అంటే పనిముట్లు తగిలించే చోట, 300 కిలోల కాంక్రీటు దిమ్మె, వెనక ఇరుసుకి 0.9 మీటర్ల దూరంలో కట్టామనుకోండి. వెనక 470 దాకా పెరుగుతుంది, ముందు దాదాపు 170 కిలోల భారం దిగుతుంది. టైర్లలో నీళ్లు నింపినా వెనక చక్రాలు నేలని పట్టుకుంటాయి, కానీ ముందు ఇరుసు మీద ఒక్క కిలో కూడా తగ్గదు. అందుకే నేను హిచ్ బరువుకే ఓటేస్తాను, టైర్లలో నీళ్లు దానికి తోడు మాత్రమే.

ఇంకో విషయం చాలా ముఖ్యం. ఎన్నో చిన్న ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. వెనక తేలికైపోయి దిగుడులో ఉంటే బ్రేకు తొక్కినా బండి ఆగదు. లోడర్‌లో బరువు ఉన్నంతసేపూ ఫోర్ వీల్ డ్రైవ్ వేసే ఉంచాలి, అప్పుడు ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి.

వెనక బరువు సరిగ్గా ఉండి కూడా కాగితంలోని అంకెకి చాలా ముందే లోడర్ ఆగిపోతుంటే, అప్పుడు ప్రెజర్ గేజ్ పెట్టి చూడాలి. రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ మెత్తబడి ఉండొచ్చు. వాల్వ్‌లో వాషర్ వేసి ప్రెజర్ పెంచడం చాలామంది చేసే పనే, మాన్యువల్‌లో రాసిన ప్రెజర్ వరకు తెచ్చుకోవడంలో తప్పు లేదు, దాన్ని దాటిస్తే హోస్‌లు, సీళ్లు, చివరికి ముందు ఇరుసు, అన్నీ ప్రమాదంలో పడతాయి. వాల్వ్ అరుస్తున్నప్పుడు లివర్‌ని అలాగే పట్టుకుని ఉంచొద్దు, ఆయిల్ వేడెక్కిపోతుంది. పరీక్ష మొదలుపెట్టే ముందు ముందు టైర్లలో గాలి కూడా చూసుకోండి. టైరు పక్కగోడ మీద రాసి ఉన్న గరిష్ఠ ప్రెజర్ దాటకుండా, లోడర్ పనికి చెప్పినంత గాలి ఉండాలి. తక్కువ గాలితో బరువు ఎత్తితే టైరు ఒక పక్కకి నలిగి బండి వాలుతుంది, అప్పుడు మీరు తీసుకున్న కొలత దేనికీ పనికిరాదు.