టార్పన్‌ను వదిలేశాం, కొర్రమీనును వండుకున్నాం

చేపతో గంటసేపు కొట్లాడి, పడవ పక్కకు తెచ్చి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేయడానికి వందల డాలర్లు ఇస్తారంటే దేవరకొండ దగ్గర మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. మా నాయన ఫోన్‌లోనే అడిగేశాడు, "పట్టినంక ఇడిసిపెట్టుడేంది బిడ్డా, గట్లయితే పట్టుడెందుకు?" అని. దానికి జవాబు నా కూతురు చెప్పింది, అదీ తెలుగులో, అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది ఫ్లోరిడాలోని టాంపాలో. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ చేపల పిచ్చి. ఇక్కడ చేపల పిచ్చి ఉన్నవాళ్ళందరి కలా ఒకటే, టార్పన్. దీన్ని 'సిల్వర్ కింగ్' అంటారు, ఒక్కో పొలుసు అరచేయంత ఉంటుంది. ఫ్లోరిడా రికార్డు 243 పౌండ్లు, అంటే దాదాపు 110 కిలోలు. మే, జూన్ నెలల్లో బోకా గ్రాండే పాస్ అనే సముద్రపు పాయ దగ్గరికి గుంపులు గుంపులుగా వస్తాయి. ముళ్ళెక్కువ కాబట్టి ఇక్కడ ఎవరూ వండుకోరు, పట్టినా వదిలేయాలన్నది చట్టం. రికార్డు కోసం ప్రయత్నించేవాళ్ళు ముందుగా ట్యాగ్, అంటే అనుమతి చీటీ, కొనుక్కుంటే తప్ప ఉంచుకోకూడదు. 40 అంగుళాలు దాటిన చేపనైతే ఫొటో కోసం కూడా నీళ్ళలోంచి పైకెత్తకూడదు.

మే నెలలో గైడ్‌ను మాట్లాడుకుని వెళ్ళాం, బోటు కెప్టెన్ కూడా ఆయనే. ఇట్లా అద్దెకు మాట్లాడుకున్న చార్టర్ బోటులో వెళ్తే మనకు వేరే ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు, కెప్టెన్‌దే సరిపోతుంది. ఆయన బతికున్న పీతను గాలానికి గుచ్చి ఇచ్చాడు. వాడేది కొన లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ కాబట్టి చేప అందుకోగానే మన చెరువు దగ్గర గుంజినట్టు గుంజకూడదు, నిదానంగా రీల్ తిప్పుతూ పోతే గాలం దానంతటదే నోటి మూలన దిగుతుంది. టార్పన్ నోరంతా గట్టి ఎముక, అది నిలువునా గాల్లోకి ఎగిరినప్పుడు దారం బిగుతుగా ఉంటే తెగిపోతుంది లేదా గాలం ఊడిపోతుంది, అందుకని రాడ్‌ను చేప వైపు వంచాలి. దీన్నే ఇక్కడివాళ్ళు రాజుకు దండం పెట్టడం అంటారు. మా పిల్ల చేతులు వణుకుతున్నా ప్రతిసారీ వంచింది. హామర్‌హెడ్ సొరచేప వస్తే మాత్రం చేప తప్పించుకునేలా దారం వదిలేస్తానని కెప్టెన్ ముందే చెప్పాడు, నాకు లోపల ఒకటే టెన్షన్, రాలేదు. చివర్లో ఆయన చేప కింది దవడ పట్టుకుని, బోటును మెల్లగా నడుపుతూ దాని మొప్పల్లోకి నీళ్ళు పోయేలా చేశాడు. తోక ఆడించి వెళ్ళిపోయేదాకా మా అమ్మాయి దాని మీంచి కళ్ళు తిప్పలేదు.

జూన్‌లో ఊరికి వెళ్ళాం, మృగశిర కార్తె ముందు. చెరువులో నీళ్ళు అడుగంటి బురదగా ఉన్నాయి. నాయన వెంట గట్టు మీద కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి లేచి నిలబడింది. నీటి మీద గుబుక్కుమని చిన్న చప్పుడు, బుడగలు, మళ్ళీ కాసేపటికి అదే చోట. "అది గాలి పీలుస్తుంది కదా తాతా, టార్పన్ కూడా ఇట్లనే పైకొస్తుంది" అంది. అది కొర్రమీను. రెండూ పైకొచ్చి గాలి మింగే చేపలే. టార్పన్‌కు కడుపులోని గాలితిత్తి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది, కొర్రమీనుకు మొప్పల పైన అదే పని చేసే గది ఉంటుంది, పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఇందులో కొంత నాయన అనుభవంతో చెప్పాడు, కొంత ఆ పిల్ల చదివినది చెప్పింది. మాట తట్టనప్పుడు చేతులతో చూపించింది.

అప్పుడే నాయన తన పాత ప్రశ్న మళ్ళీ అడిగాడు. "టార్పన్ యాభై ఏళ్ళు దాటి బతుకుతుంది తాతా, మనం తినం కూడా, ఎందుకు చంపాలి?" అంది. నాయన చాలాసేపు చెరువు వైపు చూసి, "యాభై ఏండ్లా! గట్లయితే ఇడిసిపెట్టాల్సిందే" అన్నాడు. తర్వాత తన పద్ధతి చెప్పాడు. వానలు పడ్డాక కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగుతాయట, కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయట, ఆ గుంపు కనబడ్డచోట ఆయన గాలం వేయడు. ఈ మాట ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు, నేను అడిగిందీ లేదు. టార్పన్ అట్లా కాదని, సముద్రంలో గుడ్లు పెట్టి పోతుందని, పిల్లలు వాటంతటవే మడ అడవుల్లోకి చేరతాయని మా అమ్మాయి చెబితే ఆయన నోరెళ్ళబెట్టి విన్నాడు.

వారాంతపు తెలుగు క్లాసులు మంచివే, మేమూ పంపుతున్నాం. కానీ పిల్లకు నిజంగా కావలసిన సంగతి ఇంట్లో ఒక పెద్దమనిషికి మాత్రమే తెలిసినప్పుడు వచ్చే తెలుగు వేరు, ఇది నేను కళ్ళారా చూశాను.

కార్తె రోజు అమ్మ కొర్రమీనును బూడిదతో రుద్ది, కత్తిపీట మీద కోస్తుంటే, అమెరికా పిల్లకు చూపించొద్దని మా పెద్దమ్మ అడ్డం నిలబడింది. చూడాలనే నేనన్నాను. తినే చేప ఎట్లా చచ్చిందో తెలియాలి. మా అమ్మాయి పక్కనే కూర్చుని బూడిద ఎందుకని అడిగింది, జిగురు పోవాలని అమ్మ చెప్పింది. మర్నాటికి ఇంకా బాగా ఊరిన చింతపండు పులుసు, రెండు పూటలా తింది.

ఇప్పుడు ఆదివారం వీడియో కాల్‌లో నా చేతిలోంచి ఫోన్ లాక్కుని చెరువు నిండిందా, డిండి ప్రాజెక్టు అలుగు పోసిందా అని అడుగుతుంది. వచ్చే మేలో నాయనను రప్పించాలని వీసా పనుల్లో ఉన్నాం. బోటులో మొదటి రాడ్ తాతకే అని వాళ్ళిద్దరూ తేల్చేసుకున్నారు.