సమోవా పిలుపు వస్తే: నల్లగొండ, పాలమూరు పిల్లలు ముందే తెలుసుకోవాల్సినవి

జనం మోర్మన్లు అని పిలిచే సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మన దేశంలో దాని మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. మిషన్‌కు, అంటే ఇల్లు విడిచి పూర్తికాలం మత ప్రచారం చేసే సేవకు, దరఖాస్తు పెట్టేవాళ్లకు ఊరు ఎంచుకునే వీలు లేదు, పిలుపు ఎక్కడికి వస్తే అక్కడికే. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. ఆ పిలుపు పసిఫిక్ సముద్రంలోని ద్వీప దేశం సమోవాకు వచ్చిందంటే ఇంట్లో ముందు సముద్రం, తుఫాను అని భయపడతారు. ఆ భయం అక్కర్లేదని అనను. కానీ అక్కడ రోజు గడిచేది చాప మీద కూర్చునే పద్ధతితో, నోటి మాటతో, తాగే నీళ్లతో. అందులో సగం మన పిల్లలకు ఇంట్లోనే వచ్చు.

దినచర్య ఎక్కడైనా ఒకటే. పొద్దున 6:30కి లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, తిండి అయ్యాక 8 నుంచి గ్రంథ పఠనం, జోడీతో (వెంట ఉండే తోటి మిషనరీతో) కలిసి చదువు, భాషా చదువు. ఆ తర్వాత బయటికి. రాత్రి 9, 9:30 మధ్య ఇల్లు చేరి 10:30కి పడుకోవాలి. 2017 నుంచి ఈ వేళల్లో కొంత సడలింపు ఉంది. జోడీ మాత్రం ఎప్పుడూ కంటికి కనబడేంత, మాట వినబడేంత దగ్గరలోనే ఉండాలి.

భాష గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్లకు అసలు సాయం దొరికేది ఇక్కడే. మనది అజంత భాష, సమోవన్ కూడా అంతే. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. హ్రస్వం, దీర్ఘం తేడా మనకు పుట్టుకతో వచ్చేదే. అక్కడ 'తమ' అంటే అబ్బాయి, 'తమా' అంటే తండ్రి. అన్నింటికంటే పెద్ద వరం 'మనం', 'మేము'. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు నెలల తరబడి తడబడే చోట మనవాళ్లు ఆలోచించనక్కర్లేదు: ఎదుటివాళ్లను కలుపుకుంటే 'తాతౌ', కలుపుకోకపోతే 'మాతౌ'. ప్రార్థనలో దేవునితో మాట్లాడేటప్పుడు మనం తెలుగులో 'మేము' అనే అంటాం కదా, అక్కడా 'మాతౌ'నే. మనకు కొత్తగా తగిలేది ద్వివచనం. ఇద్దరికి వేరే మాటలున్నాయి: 'మేమిద్దరం' అంటే 'మాఉఅ', 'మనమిద్దరం' అంటే 'తాఉఅ'. మిషనరీ ఎప్పుడూ జోడీతోనే తిరుగుతాడు కాబట్టి రోజుకు వందసార్లు నోట్లోకి వచ్చేది 'మాఉఅ'నే. దాన్ని మొదటి వారంలోనే పట్టుకోవాలి.

కష్టమల్లా ఇంగ్లీషు జీ (g) అక్షరంతో. సమోవన్‌ను ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు. రాసేది గ, పలికేది ఙ. 'భాష' అన్న మాటను వాళ్లు 'గగన' అని రాస్తారు, 'ఙఙన' అని పలుకుతారు. మాట మొదట్లో ఙ మనకూ అలవాటు లేదు. ఇలా సాధన చేయాలి: 'వాఙ్మయం' అని మెల్లగా పలికి 'వాఙ్' దగ్గర ఆగాలి. నాలుక వెనక భాగం పైకి అంటుకుని, గాలి ముక్కులోంచి పోతుంటుంది. నాలుక కొన ముందుకు రానీయకుండా అక్కడి నుంచే 'అ' అనాలి. వచ్చేదే ఆ ధ్వని. 'న' వస్తుంటే నాలుక కొన ముందుకు వచ్చేసినట్టు. కొనను కింది పళ్ల వెనక ఆనించి మళ్లీ మొదలుపెట్టాలి. పది నిమిషాల చొప్పున వారం చేస్తే నిలుస్తుంది.

ఇంకో చిక్కుంది. ప్రార్థనలో, ప్రసంగంలో 'త' పలికే చోట ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు 'క' అంటారు. 'ఫఅఫెతాయి' (ధన్యవాదాలు) కాస్తా 'ఫఅఫెకాయి' అవుతుంది. మిషనరీ మాట్లాడాల్సింది త-తోనే, చెవికి మాత్రం రెండూ అలవాటు కావాలి. మర్యాద మాటలు వేరు. 'తిను' అనడానికి మామూలుగా 'అయి', పెద్దవాళ్లను అడిగేటప్పుడు 'తౌమఫ'. మనం ఎదుటివాళ్లను 'ఆరగించండి' అంటాం గానీ 'నేను ఆరగించాను' అనం కదా, అక్కడా తన గురించి 'తౌమఫ' అనకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

అబ్బాయిలకు బట్టలు సులువు. తెల్ల చొక్కా, టై, నల్ల పేరుబిళ్ల, కింద 'ఇయె ఫైతంగ'. అంటే జేబులున్న లుంగీ లాంటిది. ఒక్కటే జాగ్రత్త: మనవాళ్లకు నడుస్తూ లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టే అలవాటు. అక్కడ ఊళ్లో అది పనికిరాదు. లోపల నిక్కరు వేసుకుంటే గాలికి, సైకిలుకు ఇబ్బంది ఉండదు. తోలు బూట్లు వారం వాడకుండా ఉంచితే బూజు పడతాయి. మన జిల్లాల్లో ఏడాదికి 600, 700 మి.మీ. వాన పడితే సంతోషిస్తాం, సమోవా రాజధాని ఆపియాలో 2,500 మి.మీ. పైనే. గట్టి పట్టీల చెప్పులు రెండు జతలు మేలు.

గోడలు లేని ఇల్లు 'ఫలె'. చెప్పులు బయట విడిచి, చాప పరిచేదాకా ఆగి, సక్లముక్లం వేసుకుని కూర్చున్నాకే మాట మొదలుపెట్టాలి. నిలబడి మాట్లాడడం, ఎవరివైపైనా కాళ్లు చాపడం తప్పు. కూర్చున్నవాళ్ల ముందు నుంచి పోవాల్సి వస్తే వంగి 'తులౌ' అనాలి. సాయంత్రం 6, 7 మధ్య చాలా ఊళ్లలో శంఖమో గంటో మోగుతుంది. అది 'స', ఇంటింటి ప్రార్థన వేళ. పది, ఇరవై నిమిషాలు దారిలో నడవకూడదు, పక్కకు ఆగిపోవాలి. ఆ సమయానికి దారి మధ్యలో ఉండేలా పని పెట్టుకోవద్దు.

తిండిలో 'తలొ' అంటే మన చామగడ్డ చుట్టమే. దాని లేత ఆకుల్లో కొబ్బరిపాలు, ఉల్లిగడ్డ పోసి మూటగట్టి వేడి రాళ్ల మీద ఉడికిస్తే 'పలుసామి'. చామాకు సరిగ్గా ఉడకకపోతే గొంతు గీరినట్టవుతుంది కదా, ఇదీ అంతే. ఆకులోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల పని అది. సొంతంగా వండుకుంటే ఆకు పూర్తిగా మెత్తబడేదాకా దించొద్దు. మనం ఇస్తరిలో మిగల్చడం తప్పంటాం. అక్కడ అతిథి తిన్నాకే ఇంటి పిల్లలు తింటారు, అందుకే కొంత మిగల్చడమే మర్యాద. ఈ సంఘంవాళ్లు టీ, కాఫీ ఎలాగూ తాగరు, కోకో గింజలతో కాచే 'కోకో సమోవా' తాగొచ్చు.

నీళ్ల విషయంలో నల్లగొండవాళ్లకు ఉన్న అనుభవాన్ని తిరగేయాలి. మన దగ్గర గొడవ ఫ్లోరైడ్‌ది, మరిగిస్తే పోదు సరికదా నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. అక్కడ చాలా ఇళ్లలో కప్పు మీది వాననీరు ట్యాంకులో పట్టుకుంటారు. అందులో ఫ్లోరైడ్ బెడద లేదు. పక్షుల రెట్ట, కుళ్లిన ఆకుల వల్ల వచ్చే క్రిములే శత్రువు. తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరిగిస్తే చాలు.

జబ్బుల్లో మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది దోమకాటు పుండు. గీకితే ఆ తేమలో రెండు రోజుల్లో చీము పడుతుంది, గడ్డ అవుతుంది. గీరుకున్న ప్రతిసారీ సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కట్టు కట్టాలి. ఎర్రదనం పాకినా, జ్వరం వచ్చినా మిషన్ నర్సుకు వెంటనే చెప్పాలి. ఒళ్లునొప్పులతో జ్వరం వస్తే డెంగీ కావచ్చు. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం.

మామిడికాయ తొక్కు పంపాలనుకునే అమ్మలకు: న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ మీదుగా పోతే తినే వస్తువు ఏదున్నా విమానాశ్రయంలో ఇచ్చే ఫారంలో రాయాల్సిందే. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

2019 నుంచి ఇంటికి వారానికోసారి ఫోన్ చేయొచ్చు, వీడియో కూడా. సెలవుదినమైన పీ-డే తరచూ సోమవారం, సాయంత్రం 6 దాకా. ఆపియా మనకంటే ఏడున్నర గంటలు ముందు. అక్కడ మధ్యాహ్నం 2 అయితే మనకు అదే సోమవారం పొద్దున 6:30. అదే మిషన్‌లోని అమెరికన్ సమోవాకు (పక్కనే అమెరికా ఆధీనంలో ఉన్న దీవులు), అంటే పాగో పాగో (పలకడం పాఙో పాఙో) వైపు మారిస్తే, తేదీ మారే గీత, దినరేఖ, మధ్యలో ఉంది కాబట్టి సోమవారం మధ్యాహ్నం 2 మనకు మంగళవారం పొద్దున 6:30 అవుతుంది. బదిలీలు ఆరు వారాల లెక్కన నడుస్తాయి. బదిలీ అయిన ప్రతిసారీ ఏ వైపు ఉన్నాడో అడిగి తెలుసుకుని అలారం మార్చుకోండి.