చేతులు కలిపించారట

అత్తమ్మ రెండుసార్లు లేచి "ఇంకా లైటేంది బిడ్డా" అంది. పడుకుంటే నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నా.

మధ్యాహ్నం దొండకాయలు తరుగుతుంటే మా పెద్దమ్మాయి కాలేజీ పేరెంట్స్ గ్రూపులో ఫొటో వచ్చింది. ప్రిన్సిపాల్ గారి గది. ఇద్దరు ఫైనలియర్ పిల్లలు, మధ్యలో మన తాడ్వాయి పిల్లగాడు. చెరొక చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. కింద "సమస్య సామరస్యంగా పరిష్కారమైంది" అని రాశారు. కాసేపట్లోనే దండాలు, బొటనవేళ్లు వరసకట్టాయి. పిల్లగాడు నవ్వుతున్నాడు, ఎవరో నవ్వమన్నట్టు.

ఏం సామరస్యం? హాస్టల్లో వాణ్ని "మేడారం" అని పిలవడంతో మొదలైంది ఇదంతా. కోయ పిల్లగాడు, మాట యాస వేరు, నెమ్మదస్తుడు. తర్వాత రాత్రిపూట గది మధ్యలో నిలబెట్టి, దేవత పూనినట్టు శిగమూగమన్నారు. ఊగేదాకా బకెట్ బోర్లించి డప్పు కొట్టారు. వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నారు.

రెండేళ్లకోసారి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతరకు మా హన్మకొండలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. నిలువెత్తు బంగారమని బెల్లం తూచి మొక్కు చెల్లించి వస్తాం. ఆ సీనియర్ల ఇళ్లలోనూ తూచే ఉంటారు. వాళ్ల అమ్మలు గద్దెల ముందు చేతులు జోడించే ఉంటారు. అక్కడ దండం పెట్టే శిగాన్ని ఇక్కడ నవ్వులాటకు ఊగమంటారా? ఎంత ఆలోచించినా ఇది నాకు మింగుడు పడడం లేదు. దానికి శిక్ష చేతులు కలపడమా? కలిపిన చేతుల్లో వాడి చెయ్యి ఎందుకుండాలి? వాడేం తప్పు చేశాడని?

పెద్దదాని క్లాసువాళ్లు మాత్రం మంచి పని చేశారు. స్టేటస్ మాయమయ్యేలోపే రికార్డు చేసి పెట్టుకున్నారు, లెటర్ రాసి క్లాసంతా సంతకాలు పెట్టారు. తీసుకున్నట్టు స్టాంపు వేసిచ్చేదాకా ఆఫీసు వరండా కదల్లేదట. భయపడే పిల్లలు కూడా సంతకం పెట్టారంటే సంతోషమేసింది.

ఆయన కాజీపేట డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తింటూ, "చేతులు కలిపిండ్రు కద, ఇంక పెద్దగ చెయ్యకుండ్రి. ఆ పిల్లగాడు ఇంకా రెండున్నరేండ్లు ఆ హాస్టల్లనే ఉండాలె" అన్నారు. ఒళ్లు మండింది. అయినా పెద్దదాన్ని అడిగాను, లెటర్ రాసే ముందు వాణ్ని అడిగారా అని. "అడిగినమమ్మా. వీడియో తీసేయిస్తే చాలక్కా, నా పేరు రానియ్యకుండ్రి అన్నడు. మేము పేరు రాయలే. సారే పిలిపించుకుండు" అంది. అప్పటినుంచి నాకు హుజూరాబాద్ అక్క గుర్తుకొస్తోంది.

నేను డిగ్రీ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు మా హాస్టల్లో మంథని వైపు అమ్మాయి ఒకతె ఉండేది. మాట తడబడేది, 'ప' దగ్గర ఆగిపోయేది. రాత్రి భోజనాల వేళ సీనియర్లు ఆ పిల్లను బెంచీ ఎక్కించి పేపర్ చదివించేవాళ్లు. ప్రభుత్వం, ప్రధాని, ప్రతిపక్షం లేకుండా మొదటి పేజీ ఎక్కడుంటుంది? ఆగిన ప్రతిచోటా గ్లాసులతో పళ్లాల మీద కొట్టేవాళ్లు. హుజూరాబాద్ అక్క ఫైనలియర్, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. ఒక రాత్రి ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లి, ఆ పిల్ల దగ్గర పేపర్ తీసుకుని తనే చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ అయింది, జిల్లా పేజీలు అయ్యాయి. టెండర్ ప్రకటనలు, ఎనుమాముల మార్కెట్లో పత్తి ధర, మిర్చి ధర, ఒక్కటి వదల్లేదు. వంటామె గిన్నెలు కడిగేసుకుంది. అక్క చదువుతూనే ఉంది. ఆఖరికి సీనియర్లే లేచిపోయారు. మర్నాడు ఆ పిల్ల ట్రంకు పెట్టె అక్క గదికి మారింది. అప్పటినుంచి తినడానికైనా, నల్లా దగ్గరికైనా ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు.

తోడుండడమంటే ఇదీ, ఈ లెటర్లూ సంతకాలూ వాణ్ని నలుగురి నోట్లో పెట్టడానికే పనికొచ్చాయి అని రాయబోయాను. కానీ ఆ కథలో మిగతాది కూడా ఉంది. మెస్సులో ఆగింది బాత్రూముల దగ్గర మొదలైంది. అక్క కాలేజీకి వెళ్లిన వేళ చూసుకుని పట్టుకునేవాళ్లు. దసరా సెలవులకు ఇంటికెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు. వాళ్ల బాపు ఒక్కడే వచ్చి, ట్రంకు పెట్టె రిక్షాలో వేసుకుని బస్టాండుకు పోయాడు. ఏడిపించినవాళ్లు పరీక్షలు రాసి, పట్టుచీరల్లో ఫేర్‌వెల్ ఫొటోలు దిగారు. ర్యాగింగ్ మీద మన దగ్గర చట్టం 1997లోనే వచ్చింది. మేం చేరింది ఆ తర్వాతే. హాస్టల్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు, గోడకు ఒక కాగితం అంటించలేదు. అక్క చేయగలిగిందంతా చేసింది. చాల్లేదు.

ఈ పిల్లలకు ఆ చట్టం తెలుసు. పెద్దది ఫోన్లో తీసి వాళ్ల నాన్నకు చదివి వినిపించింది. ఫిర్యాదు అందాక కాలేజీ పెద్ద చర్య తీసుకోకపోతే, ఆయన కూడా ఆ నేరానికి సాయపడ్డట్టే లెక్క. యూనివర్సిటీలను, కాలేజీలను చూసే యూజీసీ 2009 నిబంధనల్లో ఇంకొకటుంది, నేరమని తేలితే సమాచారం అందిన 24 గంటల్లో కాలేజీయే పోలీసుల దగ్గర ఎఫ్‌ఐఆర్ వేయించాలి. 2016లో వాటికి ఇంకో మాట కలిపారు. ఊరు, భాష, కులం, జాతి, పేదరికం పేరుతో ఏడిపించినా, వెలివేసినట్టు చూసినా ర్యాగింగే. అంటే మన పిల్లగాడి సంగతి అందులో అక్షరాలా ఉంది. ఆయన పెరుగన్నం కలపడం ఆపి, "మళ్లొకసారి చదువు బిడ్డా" అన్నారు.

సాయంత్రం పిల్లగాడే పెద్దదానికి ఫోన్ చేశాడు. "అక్కా, ఆ ఫొటో తీసేయిస్తరా? మా బాపు చూస్తడు" అన్నాడట. తీసేయమని నేను గ్రూపులో రాశాను. ఎవరూ పలకలేదు, ఒకావిడ మాత్రం విడిగా ఫోన్ చేసి "పిల్లల గొడవల్లో మనమెందుకండీ" అంది. ఎందుకో అరగంట చెప్పాను.

పిల్లలు రెండో లెటర్ రాస్తున్నారు, ఈసారి కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 కూడా రాసి పెట్టుకున్నారు, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. మన పిల్లగాడు రేపు భోజనానికి వస్తున్నాడు. లెటర్ వాడికే ఇచ్చి చదవమంటాం. వద్దన్న వాక్యం కొట్టేస్తాం. హాస్టల్లో వీళ్ల క్లాసు అబ్బాయిలు ఇద్దరు వాడి గదికి మారుతున్నారు, వార్డెన్‌ను ఒప్పించారట. సోమవారం పొద్దున నేను కాలేజీకి వెళ్తున్నా. ఆయన సెలవు అడుగుతానన్నారు. దొరక్కపోతే నేనూ పెద్దదీ వెళ్తాం.